లూసియా ఉల్లిపాయల క్యాసెట్

చిన్న కథే ఇది. టీ చల్లారేలోపు అయిపోతుంది. అయితే ముందు యానాంలో ఫోన్ల కొట్టు నడిపే పంపన సత్తిరాజు సంగతి చెప్పుకోవాలి. ఫ్రెంచి తమ ఇంటి భాషేనంటాడు సత్తిరాజు. వాళ్ళ తాత ఫ్రెంచి దొరగారి గుర్రానికి గడ్డి వేసేవాడట. ఆ లెక్కన ఆ గుర్రం మునిమనవళ్ళకీ వచ్చుండాలి.

ఆ సత్తిరాజే పెమ్మాడి వీరభద్రం ఫోన్లోకి రెండొందల నలభై ఫ్రెంచి ఆడియో పాఠాలు ఎక్కించాడు. వీరభద్రం భార్య మార్తకి తాతగారి తరఫున ఫ్రాన్సు పౌరసత్వం ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. అక్కడ పుట్టిన కూతుర్ని వీరభద్రం ఫోన్లో తప్ప చూడలేదు. అతను వెళ్ళాలంటే వీసా ఇంటర్వ్యూలో నెగ్గాలి. మొదటిసారి ఆఫీసరమ్మ గడగడా ఏదో అడిగింది. అర్థం కాలేదంటే నామోషీ అనుకుని నవ్వుతూ "వీ, వీ" అన్నాడు. వీ అంటే అవును. ఆవిడ అడిగింది, "మీ భార్య మిమ్మల్ని వదిలేసిందా?" అని.

రెండో ఇంటర్వ్యూకి ఎనిమిది రోజులుందనగా అతను సెలెస్తీనమ్మ ఇంటికి వెళ్ళాడు. ఊరంతా మదామ్మగారంటారు. నలభై ఏళ్ళు బడిలో ఫ్రెంచి చెప్పింది. ఆవిడ దగ్గర చదివినవాళ్ళలో ఫ్రెంచి ఎవరికీ మిగల్లేదు గానీ భయం మాత్రం అందరికీ మిగిలింది.

"ఇంకా మంచి ఆడియోలు ఎక్కడ దొరుకుతాయండీ? ఇవన్నీ బట్టీ పట్టేశాను. మనుషులు మాట్లాడితే ఒక్క ముక్క పట్టుబడ్డంలేదు."

"ఏదీ, వినిపించు."

ఫోన్లో ఒకాయన తాపీగా రైల్వే స్టేషన్ ఎక్కడని అడిగాడు.

"యానాంలో రైలెక్కడిదిరా అబ్బాయ్?" అని మదామ్మగారు లోపలికెళ్ళి పాత టేప్‌రికార్డరు తెచ్చి, మీట నొక్కింది. ఫ్రాన్సులోని మార్సెయ్‌లో కాపురమున్న చెల్లెలు లూసియా, తన ఇల్లెలా ఉంటుందో అక్క వినాలని ఎప్పుడో వంటింట్లో రికార్డు చేసి పంపిన క్యాసెట్ అది. ఉల్లిపాయలు తరిగిన చప్పుడు. పిల్లి. ఏదో అడుగుతున్న మొగుడు. విసుక్కుంటున్న లూసియా.

"ఇందులో పాఠం ఏదండీ?"

మదామ్మగారు అతని ముందు కత్తిపీట, నాలుగు ఉల్లిపాయలు పెట్టింది.

ఏడు రోజులు అదే క్యాసెట్, అవే ఉల్లిపాయలు. మూడోరోజు ఒక్క మాట చెవికి తగిలింది. మొగుడు గబగబా ఏదో అంటే లూసియా "అతాన్!" అంటుంది, అతను మళ్ళీ మొదలుపెడతాడు. పిల్లి అరిచినా "అతాన్!" వీరభద్రం లెక్కపెట్టాడు. పదకొండుసార్లు.

"అతానంటే ఉండమనా అండీ?"

"మొగుడితో, పిల్లితో అయితే అతాన్. ఆఫీసరమ్మతో అయితే అతాందే."

ఆ వారమంతా ఆవిడ చెప్పింది అంతే.

ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ మళ్ళీ గడగడా అందుకుంది. "వీ" నోటిదాకా వచ్చింది. వీరభద్రం దాన్ని మింగేసి, చెయ్యెత్తి, "అతాందే, మదాం" అన్నాడు. ఆవిడ ఆగింది. కాస్త నిదానంగా అడిగింది. మళ్ళీ "అతాందే." మూడోసారికి పట్టుబడింది: మీ భార్య నిజంగానే మిమ్మల్ని వదిలేసిందా?

"నో!" అని అరిచాడు. పక్కగదిలోవాళ్ళు తొంగిచూశారు. కూతురి పేరు చెప్పాడు, మొన్ననే రెండో పన్ను వచ్చిందని వేళ్ళతో చూపించాడు.

వీసా వచ్చింది. తిన్నగా మదామ్మగారింటికి వెళ్ళాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఈసారి ఉల్లిపాయలు కారణం కాదు.

"ఒక్క మాటతో గట్టెక్కానండీ. సిగ్గుగా ఉంది. ప్రయాణం దాకా రోజూ వస్తాను, ఆ క్యాసెట్ మొత్తం నాకు అర్థం చెప్పండి."

"మా చెల్లి అది పంపి ముప్పయ్యారేళ్ళయింది," అంది మదామ్మగారు. "అందులో సగం నాకే అర్థం కాదు."

వీరభద్రం కత్తిపీట ముందుకు లాక్కున్నాడు.