కుడి మూలన ఎర్ర పేరు

విశాఖపట్నం పెదవాల్తేరులో భానోజీరావు అనే వంటవాడు ఉండేవాడు. చేతిలో మంచి రుచి ఉంది గానీ, ఇంకొకరి గొప్పను నోరు తెరిచి చెప్పాలంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికొచ్చేది.

పద్దెనిమిదేళ్ళు ఓడల్లో వంట చేస్తూ తిరిగాడు. మెక్సికో దేశపు రేవుల్లో ఓడ ఆగినప్పుడల్లా అక్కడి వంటలు నేర్చుకున్నాడు. నేర్పింది రేవు గట్టున రొట్టెలు అమ్ముకునే ఒక ముసలామె. ఆ సంగతి ఎవరికైనా చెప్పాడా? చెప్పలేదు. "నా అంతట నేనే పట్టుకున్నాను" అనేవాడు. ఓడ కొలువు మానేసి వచ్చాక ఇంటి కింది భాగంలో మెక్సికో వంటల హోటల్ తెరిచాడు. దానికి 'కాసా భానో' అని పేరు పెట్టాడు. కాసా అంటే వాళ్ళ భాషలో ఇల్లు అట. వీధిలోవాళ్ళకు అది నోరు తిరక్క 'మెక్సికో హోటల్' అనేవారు.

మొక్కజొన్న రొట్టెలు బాగుండేవి. రాజ్మా గింజల కూర ఇంకా బాగుండేది. అయినా జనం రాలేదు. లోపల గోడలన్నీ తెల్లసున్నంతో బోసిగా ఉండేవి.

"ఆసుపత్రిలో కూర్చుని తింటున్నట్టుందండి. గోడల మీద ఏవైనా బొమ్మలు వేయించండి" అని భార్య సత్యవేణి ఒకరోజు విసుక్కుంది.

అదే వీధి చివర రేకుల ఇంట్లో అసిరయ్య అనే పెయింటరు ఉండేవాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ కొట్టు బోర్డు చూసినా, ఏ లారీ వెనక చూసినా ఆయన రాతే. సినిమా హాళ్ళ ముందు నలభై అడుగుల బొమ్మలు నిలబెట్టిన చెయ్యి అది. ఫ్లెక్సీలు వచ్చాయి, ఆ చేతికి పని పోయింది. కూతురు నూకరత్నం కుట్టుమిషను మీద ఇల్లు నడిపేది. అరవై రెండేళ్ళొచ్చి కూతురి కష్టం తింటున్నానని అసిరయ్య లోలోపల కుమిలిపోయేవాడు. ఎవరైనా పిలిచి పని ఇస్తే చాలని ఎదురుచూసేవాడు.

భానోజీరావు ఆయన్ని పిలిపించి, ఫోనులో మెక్సికో ఫోటోలు చూపించాడు. వెడల్పాటి కుచ్చుల పరికిణీలు విప్పార్చి నాట్యమాడే ఆడవాళ్ళు, బ్రహ్మజెముడు డొంకలు, పెద్ద టోపీల వాద్యగాళ్ళు. ఒక ఫోటోలో పూలదండలు వేసుకుని నవ్వుతున్న ఎముకల గూళ్ళున్నాయి. అసిరయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇవెందుకు బాబూ నవ్వుతున్నాయి?"

"అక్కడ ఏడాదికోసారి చనిపోయినవాళ్ళను ఇంటికి పిలుస్తారు అసిరయ్యా. దారి పొడుగునా బంతిపూలు పరుస్తారు. పేరు తలుచుకునేవాళ్ళు ఒక్కరున్నా పోయినవాడు పూర్తిగా పోయినట్టు కాదని వాళ్ళ నమ్మకం."

"మంచి మాట బాబూ" అన్నాడు అసిరయ్య. "కూలి సంగతి మీకు తోచినట్టు చూడండి. నా పేరు మాత్రం గోడ మీద ఉండాలి. అది చూసి ఇంకో నలుగురు పిలుస్తారు."

బోర్డు రాసినవాడు కింద కుడి మూలన తన పేరు రాసుకోవడం ఆ పనివాళ్ళ ఆచారం. వాళ్ళకు వేరే ప్రకటనలు ఉండవు. భానోజీరావు సరేనన్నాడు. సరేననడానికి ఏం పోయింది?

వేసవి మొత్తం అసిరయ్య నిచ్చెన మీదే ఉన్నాడు. నూకరత్నం కుట్టుపని ముగించుకుని వచ్చి రంగులు కలిపి ఇచ్చేది, మధ్యమధ్య తనూ కుంచె పట్టేది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు అదే అలవాటు. బంతిపూలు మాత్రం అసిరయ్య ఫోటో చూసి వేయలేదు. పూర్ణామార్కెట్ నుంచి పావుకిలో తెచ్చుకుని, ముందు పెట్టుకుని వేశాడు. పని పూర్తయ్యేసరికి గోడ మీద నాట్యమాడే ఆడవాళ్ళ పాదాల కింద నేల అదురుతుందేమో అనిపించేది. చివరిరోజు కింద కుడి మూలన లారీలకు వేసే ఎర్రరంగుతో 'అసిరి ఆర్ట్స్, పెదవాల్తేరు' అని రాసి, కుంచె కడుక్కుని ఇంటికి పోయాడు.

జనం విరగబడ్డారు. తిండి సంగతి పక్కనపెట్టి గోడల ముందు ఫోటోలు దిగేవారు. నాలుగో రోజున ఒక పెద్దమనిషి అడిగాడు. "ఎవరండీ వేసింది? అచ్చం ఆ దేశంలో కూర్చున్నట్టుంది."

మా వీధివాడేనండి అంటే సరిపోయేది. భానోజీరావుకు ఆ మాట అనబుద్ధి కాలేదు. "మెక్సికో నుంచి ఆర్టిస్టును రప్పించానండి. ఓడల మీద పనిచేసినప్పటి స్నేహం" అన్నాడు. ఆ పెద్దమనిషి కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. ఆ మెచ్చుకోలు భానోజీరావుకు తేనెలా ఉంది. ఇక ఎవరడిగినా అదే మాట. అబద్ధం చెప్పాక మూలనున్న తెలుగు అక్షరాలు కంట్లో నలుసులయ్యాయి. మర్నాడు పొద్దున్నే తెల్లరంగు తెచ్చి వాటి మీద పూశాడు.

ఆ ఆదివారం అసిరయ్య తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వంగి మూలకేసి చూశాడు.

"నా పేరేది బాబూ?"

"తినేవాళ్ళకు మెక్సికోలో ఉన్నట్టుండాలి కదా అసిరయ్యా. మధ్యలో పెదవాల్తేరు అని కనపడితే ఏం బాగుంటుంది? ఎవరైనా అడిగితే నేను చెబుతాలే."

"చెబుతారు కదా?" అన్నాడు అసిరయ్య.

"చెబుతానన్నాను కదా."

"సరే బాబూ. ఒక్కమాట. అది లారీ ఎరుపు. దాని మీద ఏ తెలుపు పూసినా నాలుగు రోజులకు పైకి తేలుతుంది. పూసి లాభం లేదు."

ఆయన చెప్పినట్టే అయింది. వారం తిరక్కుండా తెలుపులోంచి గులాబీరంగు అక్షరాలు పైకొచ్చాయి. భానోజీరావు మళ్ళీ పూశాడు. అవి మళ్ళీ వచ్చాయి. మూడోసారి పూసి, విసిగిపోయి, నడుమెత్తు మట్టికుండీ ఒకటి తెచ్చి అడ్డంగా పెట్టి అందులో బ్రహ్మజెముడు నాటాడు.

ప్రతి ఆదివారం అసిరయ్య వచ్చేవాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "ఎవరైనా అడిగారా బాబూ?" అనేవాడు. "లేదు అసిరయ్యా" అనేవాడు భానోజీరావు. ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు. ఆ మాట వినీ వినీ సత్యవేణి వంటింట్లోకి పోయేది. ఒకసారి, "ఆయనతో అలా ఎలా చెప్పగలుగుతున్నారండి?" అని అడిగింది కూడా. "హోటల్ నడిపేది నేనా, నువ్వా?" అన్నాడు మొగుడు.

శ్రావణమాసంలో డాక్టర్ హైమవతి అనే ఆవిడ భోజనానికి వచ్చింది. పిల్లల కోసం ఆసుపత్రి కట్టిస్తోంది. రొట్టె తుంచడం మాని గోడలకేసే చూసింది.

"ఇది వేసినవారు ఎక్కడుంటారండి?" అని అడిగింది. "మా ఆసుపత్రి గోడలన్నీ బొమ్మలతో నింపాలి. పిల్లలు భయపడకుండా ఉండాలి. ఏడాదికి తక్కువ కాదు పని. ఇలాంటి చెయ్యి కోసమే వెతుకుతున్నాను."

చూశారా, దేవుడు ఎంత సులువైన పరీక్ష పెట్టాడో. వీధి చివరికి వేలు చూపిస్తే చాలు. కానీ పక్క బల్ల దగ్గర ఆ మొదటి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నిజం చెబితే ఆయన ముందు తన గొప్ప గాలికి పోతుంది. భానోజీరావు ఆ పెద్దమనిషికేసి ఓసారి చూశాడు.

"ఆయన మెక్సికో వెళ్ళిపోయారండి."

"ఫోన్ నంబరైనా ఉందా?"

"లేదండి."

డాక్టరమ్మ నిట్టూర్చి లేచింది. రెండు వారాలు చూసి, గోడలకు అంటించే అచ్చుబొమ్మలు తెప్పించుకుని అతికించింది. డాక్టరమ్మ అడిగి వెళ్ళిన ఆ వారం, ఆదివారం నాడు ఎప్పటిలాగే అసిరయ్య వచ్చాడు. "ఎవరైనా అడిగారా బాబూ?" అన్నాడు. "లేదు అసిరయ్యా" అన్నాడు భానోజీరావు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత అసిరయ్య రావడం మానేశాడు. కుంచెలన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసి, ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. వానల్లో జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు మంచాన ఉన్నాడు. "నా చెయ్యి పాడైపోయిందేమో అమ్మా, అంత పెద్ద గోడ చూసి కూడా ఒక్కరూ పిలవలేదు" అని కూతురితో అన్నాడట. పదో రోజు పోయాడు. పనిరాని చేతితో పోతున్నాననుకుంటూ పోయాడు, పాపం.

అక్టోబరులో తుపాను వచ్చింది. రెండు రోజులు సముద్రపు గాలి ఉప్పునీళ్ళను తెచ్చి ఇళ్ళకేసి కొట్టింది. మెక్సికో హోటల్ గోడ తడిసి ఉబ్బిపోయింది. నాట్యమాడే ఆడవాళ్ళ ముఖాలు పెచ్చులుపెచ్చులుగా ఊడి బల్లల మీద పడ్డాయి. వాద్యగాళ్ళకు టోపీలు మిగిలాయి, తలలు పోయాయి. వచ్చినవాళ్ళు చూసి వెనక్కి తిరిగేవారు. భానోజీరావు ఒక ఫ్లెక్సీ కుర్రాణ్ణి తెచ్చి బాగు చేయించబోయాడు. అతను దిద్దిన ముఖం చూసి సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక దారిలేక భానోజీరావు రేకుల ఇంటికి వెళ్ళాడు.

"అమ్మా నూకరత్నం, మీ నాన్న చేతిపని నీకూ వచ్చు కదా. కాస్త దిద్ది పెట్టవా?"

ఆ పిల్ల మిషను ఆపింది. లేచి వెంట వచ్చింది. ఊడిన ముఖాలను ఒక్కొక్కటే తాకి చూసింది. తర్వాత కుండీని రెండు చేతులా పక్కకు జరిపింది. చెమ్మకు పైన పూసిన తెల్లపొరలు మూడూ రాలిపోయి, కింద లారీ ఎరుపు నిన్న రాసినట్టు మెరుస్తోంది. 'అసిరి ఆర్ట్స్, పెదవాల్తేరు.' గోడ మొత్తం మీద చెక్కుచెదరనిది అదొక్కటే.

నూకరత్నం దాని ముందు కింద కూర్చుంది. తండ్రి అడిగినట్టే అడిగింది.

"ఎవరైనా అడిగారా బాబుగారూ?"

భానోజీరావు నోట ఈసారి అబద్ధం రాలేదు. "అడిగారమ్మా. పిల్లల ఆసుపత్రి డాక్టరమ్మ అడిగింది. ఏడాది పని ఇస్తానంది."

"ఎప్పుడు?"

"శ్రావణంలో."

"శ్రావణంలో నాన్న బాగానే ఉన్నాడండి" అంది నూకరత్నం. "ప్రతి ఆదివారం మీ దగ్గరికే వచ్చేవాడు. ఇంటికొచ్చి, ఎవరూ అడగలేదు రత్నం, అనేవాడు. నేనేమో, నీ పని బాగుంది నాన్నా, జనానికే తెలీదు అని సర్దిచెప్పేదాన్ని. నా మాట నమ్మలేదు. మీ మాట నమ్మాడు."

గుమ్మం దగ్గర నిలబడిన సత్యవేణి ఏడ్చేసింది. భానోజీరావు చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తల్లీ. నువ్వు దిద్దు. నీ పేరూ ఆయన పేరూ పైన పెద్దక్షరాలతో రాయిస్తాను."

నూకరత్నం లేచింది. "ఆ ముఖాలు నేను దిద్దగలను. దిద్దను. మా నాన్న పేరు అక్కడ అలాగే ఉండనివ్వండి, చాలు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ముఖాల్లేని ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది. కుండీ తీసేశారు. కుడి మూలన పేరు కింద భానోజీరావు రోజూ ఉదయం నాలుగు బంతిపూలు పెడతాడు. ఎవరడిగినా, అడగకపోయినా, "మా వీధి అసిరయ్య వేశాడండి" అని చెబుతాడు. కిందటి నెలలో ఒకాయన ఆ మాట విని, "అలాగా, ఆయన్ని ఒకసారి పిలుస్తారా? మా ఇంటి గోడకు వేయించుకోవాలి" అన్నాడు.

భానోజీరావు తల దించుకుని, మూలనున్న బంతిపూలకేసి వేలు చూపించాడు.

నీతి: పనిచేసినవాడి పేరు ఆ మనిషి బతికి ఉండగా, అతని చెవిన పడేలా చెప్పాలి, దాచిపెట్టి, పోయాక ఎన్నిసార్లు చెప్పినా అది అతనికి అందదు.