గడపలో బొల్లయ

కొండవాక అని ఒక రాజ్యం ఉండేది. ఈ కొసన నిలబడి కేకేస్తే ఆ కొసకు వినిపించేటంత రాజ్యం. దాన్ని ఏలే గజగండ భూపాలుడి బిరుదులు మాత్రం చదవబోతే చదివేవాడికి గొంతు ఎండిపోయేది. ఆయన పేరు రాసిన తాటాకుకు పొరపాటున కాలు తగిలినా కొరడా దెబ్బలే.

ఒకనాడు రాజు పల్లకీలో కేశవస్వామి గుడి ముందు నుంచి పోతూ ఒక వింత చూశాడు. లోపలికి వెళ్లే ప్రతివాడూ గడప దగ్గర వంగి, అక్కడి రాతిని తాకి, చేతులు కళ్లకద్దుకుంటున్నాడు.

“ఎవరి పేరుందయ్యా ఆ రాతి మీద?” అని పక్కనే నడుస్తున్న బాచనను అడిగాడు. బాచన ఆ కొలువులో పేరుమోసిన మాటకారి.

“కుమ్మరి బొల్లయది ప్రభూ. మొక్కు తీరిందని వేయించుకున్న శాసనం.”

రాజు మీసాలు అదిరాయి. “ఊరంతా ఒక కుమ్మరికి వంగి దండం పెడుతుందా? ఆ రాయి పీకించి నా పేరు వేయించు. పున్నమినాడు వచ్చి చూస్తాను.”

ఆయన గుడికి వస్తే దారంతా తివాచీలు పరుస్తారు. అందుకని, వంగి మొక్కినవాళ్లు ఆ తర్వాత కాలు ఎక్కడ పెడతారో పాపం ఆయన ఎరగడు.

ఆ సాయంత్రమే బొల్లయ భార్య మాచవ్వ బాచన ఇంటికి వచ్చింది. పండు ముసలిది. “అయ్యా, ఆయన పోయి ఎన్నేళ్లో అయింది. రోజూ పొద్దున్నే ఆ రాతి మీద కాలు పెట్టి, ‘మావా, నేనే’ అంటాను. రేపట్నుంచి ఆ మాట ఎక్కడ చెప్పుకోను?”

ఎందరి నోళ్లో మూయించిన బాచన ఆమెను చెయ్యి పట్టి అరుగు మీద కూర్చోబెట్టాడు. “రాయి నా దగ్గర భద్రంగా ఉంటుంది, అవ్వా. పున్నమి దాకా ఓపిక పట్టు,” అన్నాడు.

ఆమెను పంపేసి శిల్పులను పిలిపించాడు. ఒక్క బిరుదు కూడా వదలొద్దని గట్టిగా చెప్పాడు. పున్నమి ముందటి రాత్రి కొత్త బండ ద్వారబంధం ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుంది. మునివేలు మోపే చోటు కూడా మిగల్లేదు.

పున్నమినాడు రాజు మేళతాళాలతో వచ్చేసరికి జనమంతా గుడి బయటే నిలబడి ఉన్నారు. పూజారి కూడా నీళ్ల బిందెతో బయటే ఉన్నాడు.

“లోపలికి పోరేం?” అన్నాడు రాజు.

పూజారి బిందె దించి, “తమరి పేరు తొక్కితే కొరడా దెబ్బలు కదా మహాప్రభూ! తెల్లవారినప్పటి నుంచి స్వామికి స్నానం లేదు, నైవేద్యం లేదు,” అన్నాడు.

“తివాచీ పరవండి!”

“పరిస్తే తమరి పేరు ఎవరికీ కనబడదు ప్రభూ,” అన్నాడు బాచన వినయంగా.

“అయితే దాటి పొండి!”

“పసివాణ్ణి దాటితేనే ఎదగడంటారు. ప్రభువుల పేరును దాటితే రాజ్యం ఎదుగుతుందా? అసలే చిన్నది.”

రాజు విసుక్కుంటూ తానే కాలెత్తాడు. కింద తన పేరు తళతళలాడుతోంది. కాలు గాల్లోనే ఆగిపోయింది. దించడానికి మనసొప్పక వెనక్కి తీసుకున్నాడు.

“మరి ఇన్నాళ్లూ ఆ కుమ్మరి పేరును అందరూ తొక్కారుగా?”

“తొక్కమని అతనే అడిగాడు ప్రభూ.”

బాచన పాత రాయి తెప్పించాడు. చేతులు జోడించి బోర్లా పడుకున్న మనిషి బొమ్మ, దాని కింద వంకరటింకర అక్షరాలు. రాజు వంగి చదివాడు.

“నా మాచి బతికితే నీ గడపలో పడి ఉంటానన్నాను. బతికింది. వచ్చాను. నీ భక్తుల పాదాలు నా మీద పడనీ. కుమ్మరి బొల్లయ.”

రాజు మళ్లీ చదివాడు. అన్ని బిరుదులున్నా ఒకరి కోసం తాను ఏనాడూ ఇలా మొక్కుకోలేదని ఆయనకు సిగ్గేసింది. తల ఎత్తి, “నా గొప్పకు దేవుణ్ణి పస్తు పెట్టానటయ్యా!” అని పకపకా నవ్వాడు. మెడలో ముత్యాలహారం తీసి బాచన మెడలో వేశాడు.

“ఈ బండ తీసేయండి. బొల్లయను ఆయన చోట్లో పడుకోబెట్టండి. పక్కన జాగా ఉంటే నన్నూ పడుకోబెట్టండి. బిరుదులొద్దు, ఉత్త పేరు చాలు.”

శిల్పులు రాత్రికి రాత్రే అలాగే చేశారు. మర్నాడు పొద్దున మాచవ్వ వచ్చి, పక్కనున్న కొత్త బొమ్మను చూసి కాలు పెట్టడానికి జంకింది. జనంలో ఉత్తకాళ్లతో నిలబడ్డ రాజు, “తొక్కు అవ్వా, అడుగుతున్నది నేనే,” అన్నాడు.

ఆమె మెల్లగా పాదం మోపి, అలవాటు చొప్పున కిందకు వంగింది.

“మావా, నేనే. కాస్త జరుగు, రాజుగారికి ఇరుకవుతుంది.”

గజగండ భూపాలుడు నవ్విన నవ్వు గర్భగుడి దాకా వినిపించింది.