పేరు లేని మనిషి కట్టిన తోరణం

అనగనగా అనే మాట కూడా ఇంకా ఎవరూ అనని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. ఉప్పుమడుల ఊరు. ఊ కొట్టండి. ఊ కొట్టకపోతే నేను లేచిపోతాను, నాకు అవతల బోలెడు పనుంది.

ఆ ఊళ్ళో నేల ఉప్పు, నీళ్ళు ఉప్పు, గాలి ఉప్పు. మల్లె నాటితే మాడిపోయేది. బంతి నాటితే మాడిపోయేది. మామిడి మొక్క నాటితే అదీ మాడిపోయేది. బతికినవల్లా తాటిచెట్లే. వాటిని ఎవడు పట్టించుకుంటాడు, కల్లు తాగేవాడు తప్ప!

అలాంటి ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది చూడండి. బిడ్డకి పేరు పెట్టాలంటే గుమ్మానికి పూలతోరణం ఉండాలి. వచ్చినవాళ్ళ చేతుల్లో తీపి పడాలి. అవి రెండూ ఉంటేనే పేరు బిడ్డని అంటుకుంటుందట. పైగా పన్ను మొలవకముందే పెట్టాలి. పన్ను మొలిచాక పెడితే బిడ్డ ఆ పేరుని నమిలి మింగేస్తుందట! నవ్వకండర్రా, వాళ్ళు నమ్మారు మరి.

పూలు పై ఊరి నుంచి కొనుక్కురావాలి. బెల్లమూ అంతే. కలిగినవాళ్ళు కొన్నారు. లేనివాళ్ళు ఈ నెల కాదులే, వచ్చే నెల చూద్దాం అనుకున్నారు. ఈలోగా పన్ను ఆగుతుందా? ఒకరోజు పొద్దున్నే చిగుళ్ళో తెల్లగా కనపడేది. ఇంక ఆ బిడ్డకి చచ్చేదాకా పేరు లేదు. పెద్దోడు, నల్లది, మూలింటి గుంట, అని పిలుచుకునేవాళ్ళు.

అలా పేరు లేకుండా పెరిగిన ఒక ఆడమనిషి కథ ఇది. వాళ్ళ నాన్న పూలకోసం పై ఊరికి వెళ్ళి వచ్చేలోపే పన్నొచ్చేసింది. ఏం చేస్తాడు? పూలు అరుగు మీద పారేసి గోడకి ఆనుకుని ఏడ్చాడు. అంతే ఆవిడ పుట్టుక సంగతి.

ఆవిణ్ణి అందరూ "ఒలే" అనేవారు. తల్లి ఒలే అంది, పెళ్ళయ్యాక అత్త ఒలే అంది, మొగుడూ ఒలే అన్నాడు. కానీ ఊళ్ళో ఆడపిల్లలందర్నీ ఒలే అనే కదా పిలుస్తారు! ఎవరు ఎవర్ని ఒలే అన్నా ఈవిడ లేచేది. అన్నం తింటూ లేచేది, ఉప్పు పోగేస్తూ లేచేది, మంచి నిద్రలోంచి లేచేది. "నన్నేనా?" అని పరుగెత్తుకెళ్ళేది. "నిన్ను కాదులే" అనేవాళ్ళు. మళ్ళీ వచ్చేది. మళ్ళీ ఎవరో ఒలే అనేవాళ్ళు. ఒక్కచోట కుదురుగా కూర్చుని ఎరగదు పాపం. కాలుకాలిన పిల్లిలా తిరుగుతోందని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు. ఎందుకు తిరుగుతోందని ఒక్కళ్ళూ ఆలోచించలేదు.

ఆవిడ కొడుకు లచ్చన్న. వాడికి పేరెలా వచ్చిందంటారా? మొగుడు బతికున్నప్పుడు ఉప్పు బాగా పండిన ఏడు పుట్టాడు, అదృష్టవంతుడు. ఆ లచ్చన్నకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన ఏడే వానలు ముందొచ్చి ఉప్పంతా కరిగిపోయింది. ఇంట్లో గింజలు లేవు. పూలెక్కడివి, బెల్లమెక్కడిది?

"వచ్చే నెల చూద్దాంలేవే అమ్మా" అన్నాడు లచ్చన్న.

ఆ మాట వినేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఆ మాటే మా అయ్యా అన్నాడురా! నేనిలా ఊరంతా పరుగెత్తి చస్తన్నాను, చాలదా? నా మనవరాలు కూడా ఒలే అంటే లేవాలా?" అంది.

వెళ్ళి ఉయ్యాల్లో పిల్ల నోట్లో వేలు పెట్టి చిగురు తడిమింది. మెత్తగా ఉంది. ఇంక పరుగు.

పై ఊరికి వెళ్ళింది. పూలతోటలో పొద్దుపొడిచిన దగ్గర్నుంచి నీళ్ళు మోసింది. తోటమాలి జాలిపడి ఒక బుట్టెడు బంతిపూలిచ్చాడు. ఇంటికి తెచ్చేసరికి పొద్దుగూకింది. పేరు పెట్టేది రేపు. పూలు వాడిపోతే ఎలా? ఆవిడ ఆలోచించింది. చేపకి ఉప్పేస్తే నిలవుంటుంది. మామిడికాయకి ఉప్పేస్తే నిలవుంటుంది. మరి పువ్వుకి ఉప్పేస్తే నిలవుండదా?

వేసేసింది! దోసిళ్ళతో తీసి బుట్టనిండా ఉప్పు చల్లేసింది. ఉప్పు మనుషులు కదా, ఇంకేం తెలుసు వాళ్ళకి? పొద్దున్నే మూత తీస్తే పూలు లేవు. అడుగున పచ్చగా ముద్ద, బుట్ట కింద నీళ్ళు. కోడలు ముక్కు మూసుకుంది. ఆవిడ మాత్రం ఏడవలేదు, తీరికేది? పిల్ల చిగురు తడిమింది. మెత్తగానే ఉంది. మళ్ళీ పరుగు.

ఈసారి ఒడ్డుకి పోయింది. గవ్వలేరింది. తెల్లవి, ఎర్రవి, చారలవి. వాటిని దారానికి గుచ్చి గుమ్మానికి కట్టింది. గలగలమంటూ బాగానే ఉంది. కులపెద్ద దాలయ్యని పిలుచుకొచ్చింది. ఆయన ఒప్పుకుంటేనే పేరు. దాలయ్య గుమ్మంలోంచి తల పైకెత్తి చూశాడు.

"ఏటిది? పురుగులు చచ్చిపోయి వదిలేసిన ఇళ్ళు. పసిపిల్ల గుమ్మానికి కడతావా?" అన్నాడు.

"బాగుంది కదా బాబూ!"

"బాగుంటే? కట్టుబాటు పువ్వన్నది. ఇది పువ్వా?"

వెళ్ళిపోయాడు. ఆవిడ దారం తెంపేసింది. గవ్వలు వాకిలంతా దొర్లాయి. లోపలికొచ్చి పిల్ల చిగురు తడిమింది. ఈసారి వేలికి గరుగ్గా తగిలింది.

ఉయ్యాల దగ్గర నిలబడలేకపోయింది, కూర్చోలేకపోయింది. ఇంట్లోకి వాకిట్లోకి తిరిగింది. దొడ్లోకి పోయింది. దొడ్లో ఏముంది? తాటిచెట్టు. అప్పుడు తాటిపళ్ళు రాలే కాలం. దబ్బున ఒక పండు ఆవిడ కాళ్ళ దగ్గరే పడింది. అటు చూసింది. పక్కన గాలికి విరిగిపడిన లేత మట్ట ఉంది. ఆకు ఇంకా మెత్తగా, లేతపచ్చగా ఉంది.

చేతులు ఊరుకోవు కదా ఆవిడకి. ఆకు చీల్చింది. మడిచింది, తిప్పింది, దూర్చింది, లాగింది. కుదర్లేదు. పారేసింది. ఇంకో ఆకు చీల్చింది. అదీ కుదర్లేదు. అలా ఎన్ని పారేసిందో! ఆఖరికి ఒకటి రేకులు విప్పుకుని అరచేతిలో నిలబడింది. "అమ్మయ్య" అంది. ఒకటి వచ్చాక రెండోది ఎంతసేపు? గుమ్మానికి సరిపడా చేసింది. కొన్నిటికి పసుపు రాసింది, కొన్నిటికి కుంకుమ నీళ్ళు చల్లింది.

తీపి మాటేంటి? పండు పీచు తీసి గుజ్జు పిండింది. కుండ అడుగున మిగిలిన నూకలు ఆ గుజ్జులో కలిపింది. బెల్లం లేదు, వెయ్యలేదు. మట్టి మూకుట్లో పోసి కింద నిప్పు పెట్టింది, మూత మీద నిప్పు పెట్టింది. కాసేపటికి వాసన బయల్దేరింది. ఆ వాసనకి వీధంతా వచ్చి వాకిట్లో నిలబడింది. ఎర్రగా కాలి, అంచులు కరకరలాడుతూ, ఇంత మందాన తాటిరొట్టె. ఇదుగో, మీకు నోరూరుతోంది నాకు తెలుసు. ఇప్పుడు లేదు, కూర్చోండి.

దాలయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి పెళ్ళాం పెంటమ్మ కూడా వెంట వచ్చింది. దాలయ్య రొట్టె కొరికాడు, తీపేనన్నాడు. రెండో ముక్క కూడా అడిగి తీసుకున్నాడు. కానీ గుమ్మం చూసి మొహం ముడిచాడు.

"ఆకు ఎంత మడిచినా ఆకే. పువ్వు కాదు."

లోపల పిల్ల ఏడుస్తోంది. పన్నొచ్చే పిల్లలు అలాగే ఏడుస్తారు. ఆ ఏడుపు విని వాకిట్లో ఆడవాళ్ళందరికీ విషయం తెలిసిపోయింది. ఎవరూ పైకి అనలేదు.

అప్పుడు పెంటమ్మ ముందుకొచ్చింది. తోరణంలోంచి ఒక తాటాకు పువ్వు లాగింది. కొప్పులో పెట్టుకుంది. మొగుడి వైపు తిరిగింది.

"బాగుందా?" అంది.

దాలయ్య నీళ్ళు నమిలాడు. "బాగానే ఉంది" అన్నాడు.

"నా తల్లో ఏముంది?"

"పువ్వు" అన్నాడు దాలయ్య. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

"విన్నారర్రా! పెళ్ళినాడు పెట్టుకున్నాను పువ్వు, మళ్ళీ ఇదిగో ఇవాళ పెట్టుకున్నాను. ఇది పువ్వు కాదని ఎవడంటాడో రమ్మనండి!" అని పెంటమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఎవడొస్తాడు? దాలయ్యే రాలేదు.

పేరున్నవాళ్ళే పేరు పెట్టాలి, అదీ వాళ్ళ కట్టుబాటే. అంచేత నాయనమ్మ దూరంగా తలుపు వెనకాల నిలబడాల్సి వచ్చింది. పెంటమ్మే పిల్లని ఒళ్ళో వేసుకుని చెవిలో మూడుసార్లు చెప్పింది. తరవాత పైకి చెప్పింది. "ముత్తేలు!"

తలుపు వెనకాల ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు ముత్తేలుకి పన్నొచ్చింది. ఎంత దగ్గర్లో గండం తప్పిందో చూశారా!

ఆ తరవాత ఆవిడ ఆగిందా? ఇంకా ఎక్కువైంది. ఏ ఇంట్లో పురిటి ఏడుపు వినపడినా మట్ట భుజాన వేసుకుని పరుగెత్తేది. "ఒరే, ఆలస్యం చెయ్యకండి! పన్ను ఆగదు!" అని అరిచేది. తోరణం కట్టేది, రొట్టె కాల్చేది, తలుపు వెనక్కి వెళ్ళి నిలబడేది. పళ్ళు రాలని కాలానికని ముందే తాండ్ర ఎండబెట్టి దాచేది. ఇలా ఏళ్ళు గడిచాయి. పేరులేని పాతవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. ఊళ్ళో అందరికీ పేర్లున్నాయి, ఆవిడకి తప్ప.

"నాయనమ్మా, నువ్వూ ఒక పేరు పెట్టుకోవే" అనేది ముత్తేలు.

"పోవే! నోటినిండా పళ్ళు పెట్టుకుని పేరేటి? నమిలెయ్యనూ!" అని నవ్వేసి మళ్ళీ పరుగెత్తేది.

చివరికి మంచాన పడింది. ప్రాణం పోదు, నిలవదు. ఒకటే కొట్టుకులాట. వీధిలో ఎవరో ఎవర్నో ఒలే అంటే చాలు, మంచం మీంచి లేవబోయేది. "నన్నేనా? నన్నేనా?" అనేది. నలుగురు పట్టుకోవాల్సి వచ్చేది. చూడలేక జనం తలలు తిప్పుకున్నారు. ముత్తేలు ఏడుస్తూ నోట్లో నీళ్ళు పోద్దామని దవడ పట్టి తెరిచింది. చూసింది. వేలు పెట్టి చిగురు తడిమింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమింది. మెత్తగా ఉంది.

"తాటిమట్ట తెండి!" అని కేకపెట్టింది.

అప్పటికి దాలయ్య కొడుకు కులపెద్ద. "పోయే మనిషికి తోరణమేటి, నీకు మతి పోయిందా?" అన్నాడు.

"వచ్చి చూడు బావా. ఒక్క పన్నుందా? పేరుని దేంతో నములుతుంది మా నాయనమ్మ?"

అతను వంగి చూశాడు. వెనకాలవాళ్ళూ చూశారు. అతను బయటికి వెళ్ళి తనే చెట్టెక్కాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా కూర్చుని పువ్వులు చుట్టారు. తొందరలో కొన్ని వంకరపోయాయి. అవే కట్టారు. పొయ్యి మీద రొట్టె పెట్టారు.

ముత్తేలు నాయనమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ముసలమ్మ ఒళ్ళు ఆగింది. రెండోసారి చెప్పింది. కాళ్ళు ఆగాయి. మూడోసారి చెప్పింది.

"ఊ" అంది ముసలమ్మ.

బయట ఎవరో ఎవర్నో ఒలే అని పిలిచారు. ఆవిడ కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అలా కాసేపు హాయిగా పడుకుని, అలాగే పోయింది.

శవం దగ్గర ఏడవాలంటే పేరు పెట్టి ఏడవాలి కదా. "ఏం పేరు పెట్టావే ముత్తేలూ? చెప్పవే" అని అడిగారు ఆడవాళ్ళు.

"చెప్పను. అది ఆవిడది. ఆవిడకిచ్చేశాను" అంది ముత్తేలు. ఎంత బతిమాలినా చెప్పలేదు, తిట్టినా చెప్పలేదు. తను చచ్చిపోయేదాకా చెప్పలేదు.

మరి ఎలా ఏడుస్తారు? ఏం చెయ్యాలో తోచక ఒకావిడ గుండె బాదుకుని తన పేరే పెట్టి ఏడ్చింది. "నేను సోములమ్మనే, తల్లీ!" అని. పక్కావిడ "నేను గంగినే!" అని ఏడ్చింది. ఆ వెనక మగాళ్ళు, పిల్లలు, ఊరు ఊరంతా ఎవరి పేరు వాళ్ళు పెట్టుకుని ఏడుస్తూ ఆవిడ వెంట నడిచారు. అవన్నీ ఆవిడ కట్టిన తోరణాల కింద పుట్టిన పేర్లే కదా మరి.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పూలు పండవు. ఇప్పుడు కొనుక్కోగలిగినవాళ్ళు కూడా పేరు పెట్టేరోజు తాటాకు పువ్వులే కడతారు, తాటిరొట్టే పంచుతారు. బిడ్డ చెవిలో పేరు చెప్పాక, పైకి చెప్పేముందు, వచ్చినవాళ్ళంతా గుమ్మం వైపు తిరిగి వరసగా ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్తారు. మీరు చుట్టంచూపుగా వెళ్ళినా సరే, చెప్పాల్సిందే. ఆఖరి పేరు అయ్యాక, ఇంకొక్క పేరు పలికేంతసేపు ఊరుకుంటారు. ఎవరూ దగ్గరు, ఎవరూ కదలరు. ఆ తరవాతే బిడ్డ పేరు.

ఇంక కథ దాని దారిన అది పోయింది. మీరూ మీ దారిన పొండి.