సోమవారం దాకా ఆగని ముకుంద

ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే ముకుంద అనే అతను ఉండేవాడు; పనిలో ఎంత నేర్పరో, కాసేపు ఆగమంటే అంత చేతకానివాడు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అతని డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. లైసెన్స్ గడువు ముగిసిందని తెర మీద కనిపించింది. ముకుంద వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు.

"సోమవారం పొద్దున కొత్త లైసెన్స్ పంపిస్తాం సార్. అంతవరకు కాస్త ఓపిక పట్టండి" అన్నారు వాళ్లు.

ముకుంద గదిలో అటూ ఇటూ తిరిగాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. చౌడమ్మకు ఇవ్వాల్సిన చీర అంచు డిజైన్ సగంలో ఆగిపోయింది. చౌడమ్మ పక్క వీధిలో మగ్గాలు నడిపే పెద్దామె. ఆమె తండ్రి గళ్ల కాగితాల మీద చేత్తో గీసిన నమూనాలన్నిటినీ ముకుందే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తర్వాత ఆ కాగితాలను చెదలు తినేశాయి. ఇప్పుడవి ముకుంద దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

"చౌడమ్మత్తకు ఒక మాట చెప్పు. సోమవారం ఇస్తానంటే ఆమె కాదంటుందా?" అంది భార్య హేమలత.

ముకుంద వినిపించుకోలేదు. అప్పటికే ఇంటర్నెట్‌లో వెతుకుతున్నాడు. లైసెన్స్ లేకుండానే సాఫ్ట్‌వేర్‌ను నడిపించే ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. ఉచితమే. కాకపోతే దాన్ని తెరిచేముందు కంప్యూటర్‌లోని యాంటీవైరస్‌ను ఆపెయ్యాలని రాసి ఉంది.

హేమలత అది చదివి, "కాపలావాణ్ని పక్కకు పంపితేనే లోపలికి వస్తానంటున్నాడు. వాడు మంచివాడేనంటావా?" అని అడిగింది.

"అందరూ వాడుతున్నదే. నువ్వు ఊరికే భయపడతావు" అన్నాడు ముకుంద. తన చేత్తోనే యాంటీవైరస్‌ను ఆపేశాడు.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ముకుంద ముఖం వెలిగిపోయింది. శనివారమంతా కూర్చుని అంచు పూర్తి చేశాడు. పెద్ద పనేమీ లేకపోయినా కంప్యూటర్ ఫ్యాన్ రొద పెడుతూనే ఉంది. మౌస్ మధ్యమధ్య బిగుసుకుపోయింది. అతను దాన్ని బల్లకేసి తట్టి మళ్లీ పనిలో పడ్డాడు.

ఆదివారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేశాడు. ఒక్క డిజైనూ తెరుచుకోలేదు. అన్నిటి పేర్లూ మారిపోయి ఉన్నాయి. అడిగినంత డబ్బు పంపకపోతే అవి ఎప్పటికీ తెరుచుకోవని తెర మీద బెదిరింపు కనిపించింది.

ముకుంద మళ్లీ ఇంటర్నెట్ తెరిచాడు. "వీటిని విడిపించే ప్రోగ్రాం కూడా ఎక్కడో ఒకచోట ఉచితంగా దొరుకుతుంది" అన్నాడు.

హేమలత ఇంటర్నెట్ తీగ పీకేసింది. "ఒక దొంగను ఇంట్లోకి రానిచ్చావు. వాణ్ని తరమడానికి ఇంకో దొంగను పిలుస్తావా?" అంది.

అంతలో ఒక ఖాతాదారు ఫోన్ చేశాడు. "ముకుందా, పొద్దున నువ్వు మెయిల్‌లో పంపిన కొత్త డిజైన్ ఏంటో అర్థం కావడంలేదు. తెరవాలా?"

ముకుంద ఎవరికీ ఏమీ పంపలేదు. ఆ దొంగ ప్రోగ్రామే అతని పాస్‌వర్డ్ కాజేసి, అతని పేరుతో తన నకలునే అందరికీ పంపింది!

"అన్నా, తెరవొద్దు!" అని అరిచాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అదే చెప్పాడు. చౌడమ్మ మాత్రం ఫోన్ ఎత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

ఆ వీధిలోకి వెళ్లేసరికి మగ్గాల చప్పుడు వినబడలేదు. లోపల నేతగాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. మగ్గాలకు డిజైన్లు ఎక్కించే కంప్యూటర్‌లో అదే బెదిరింపు కనిపిస్తోంది.

"నువ్వు పంపావని తెరిచాను నాయనా. నీ పేరు చూశాక ఇంకేం ఆలోచించలేదు" అంది చౌడమ్మ.

ఎవరో చేశారని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ముకుందకు నోరు రాలేదు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"మరి మా నాయన గీసినవి?" అని ఆమె అడిగింది.

"పోయాయత్తా."

చౌడమ్మ గడప మీద కూలబడింది. తిట్టి ఉంటే బాగుండేదని ముకుందకు అనిపించింది.

సోమవారం పొద్దున, కంపెనీ చెప్పినట్టే లైసెన్స్ వచ్చింది. రెండు కంప్యూటర్లనూ శుభ్రం చేయించారు, కానీ తెరవడానికి డిజైన్లే లేవు. చౌడమ్మ పెట్టెలోంచి తల్లి పాత చీరలు తీసి ఇచ్చింది. ముకుంద భూతద్దం పెట్టుకుని, పోగు పోగూ లెక్కపెడుతూ, నెలల తరబడి ఆ అంచులను మళ్లీ గీశాడు. కొన్ని తిరిగొచ్చాయి. ఏ చీర మీదా నెయ్యనివి మాత్రం ఇక రాలేదు.

ఇప్పటికీ ముకుంద ఏ డిజైన్ పంపినా చౌడమ్మ ముందు ఫోన్ చేస్తుంది. "ఇది నువ్వు పంపిందేనా?" అని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ అతను తలవంచుకుని, "నేనేనత్తా" అంటాడు.

నీతి: దొంగదారిలో తెచ్చుకున్న పనిముట్టు మన పనితో ఆగదు, దాన్ని తయారుచేసిన దొంగ పని కూడా చేస్తుంది, మన తొందరకు మనతోపాటు మనల్ని నమ్మినవాళ్లూ నష్టపోతారు.