వేలికొసంత సున్నం

చిత్రగిరిని రాజులేలే రోజుల్లో వస్తుపరీక్షాధికారి విరూపాక్షయ్య ఒక చాటింపు వేయించాడు. నోరు కాల్చే పదార్థమేదీ రాజ్యంలో ఎవరూ అమ్మకూడదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం భటులను వెంటేసుకుని ఆకువక్కలమ్మే నూకాలు కొట్టు ముందు దిగాడు.

"నీ సున్నం కుండలు పట్టుకుపోతున్నామే," అన్నాడు. భటులు కుండలు భుజానికెత్తుకున్నారు.

సున్నం లేకపోతే ఆకు కొనేదెవరు? కొట్టు మూతపడ్డట్టే. అయినా నూకాలు కంగారుపడలేదు.

"అలాగే బాబూ. ఎండనపడి వచ్చారు, ముందు తాంబూలం వేసుకోండి," అంటూ చిలక చుట్టి ఇచ్చింది.

విరూపాక్షయ్య దవడలు నొప్పెట్టేదాకా నమిలాడు. నోరు పండితే ఒట్టు.

"మేక మేతలా ఉందేమిటే? సున్నం రాయలేదా?"

"తమరి చాటింపు విన్నాక కూడా రాస్తానా బాబూ? నోరు కాలుతుందట గదా."

"కుండెడు తింటే కాలుతుంది గాని, వేలికొసంత రాస్తే ఎందుకు కాలుతుందే?"

"ఆ ముక్కే చాటించండి బాబూ. మీ నోరూ పండుతుంది, నా కొట్టూ నిలుస్తుంది."

భటులు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. విరూపాక్షయ్య కుండలు కిందికి దింపించి, "సరే, ఎవరి వేలు కొలతగా పెట్టమంటావు?" అన్నాడు.

"తమరిదే పెట్టండి. నాకు సున్నం బాగా అమ్ముడుపోతుంది."

ఆయన అరటిపండంత తన వేలు ఒకసారి చూసుకుని, "నీ వేలే పెడతాలే. ముందు నా ఆకుకి కాస్త రాయి," అన్నాడు.