ఒడిబియ్యం పోయించుకునే కత్తులు: చిట్టెంగట్టు అలలమ్మ మహిమ

చిట్టెంగట్టు ఎక్కే భక్తులు ముందుగా తమ కాళ్ళ కింద ఏముందో చూసుకోవాలని మనవి. నల్లగా, బుడగలు బుడగలుగా ఉండి, అడుగు వేస్తే కరకరలాడే ఆ ముక్కలను చాలామంది రాళ్ళనుకుంటారు. అది ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం. మా పూర్వీకులు తరతరాలుగా కొలిముల దగ్గరి నుంచి తట్టలతో మోసి పారబోసిన చిట్టెమే పేరుకుని ఇంత గట్టయింది. దేవుళ్ళు వెలసిన కొండలు చాలా ఊళ్ళకు ఉన్నాయి. తన చెమటతో గట్టు పోసుకుని, దాని మీద అమ్మవారిని నిలుపుకున్న ఊరు మాత్రం ఉత్తర తెలంగాణలో మాదొక్కటే అని మా నమ్మకం. ఈ మాట కొంచెం గొప్పగా వినిపిస్తే వినిపించనివ్వండి.

గట్టు మీది గుడి చిన్నది. గర్భగుడిలో విగ్రహం లేదు. రాతి పీఠం మీద నిలువుగా ఒక కత్తి ఉంటుంది. వంపు లేని అలుగు, అంటే కత్తి రేకు, దాని పిడికి పసుపు దారం, అంతే. వెండి లేదు, కెంపులు లేవు. మొదటిసారి వచ్చినవారు "ఇంతేనా?" అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మేము రోజూ చూస్తూనే ఉంటాం. అప్పుడు పూజారమ్మ ఒక నిమ్మకాయ కోసి, అలుగు మీద పిండి, మెత్తని గుడ్డతో తుడుస్తుంది. కాసేపటికి ఆ ఉక్కులోంచి సన్నని గీతలు పైకి తేలుతాయి. గాలికి చెరువు నీళ్ళు కదిలినట్టు పిడి నుంచి మొన దాకా అలలు పరుచుకుంటాయి. ఆ తరువాత "ఇంతేనా" అన్నవారు ఇంతవరకు లేరు. అమ్మవారికి అలలమ్మ అనే పేరు అందువల్లనే వచ్చింది.

పూర్వం ఇక్కడ ఇంటింటికీ కొలిమి ఉండేది. మట్టి మూసలో ఇనుప ముక్కలు, తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు పెట్టి, మూతి మూసి, తిత్తులు ఊదుతూ కాల్చేవారు. మూస పగలగొడితే లోపల ఉక్కు ముద్ద దొరికేది. ఆ ముద్దల కోసం ఇరాన్ వర్తకులు ఏటేటా ఎద్దుల బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఒక ఏడాది ఊరి మగవాళ్ళంతా బొగ్గు కోసం అడవికి వెళ్ళిన సమయం చూసి, ఉక్కును దోచుకోవడానికి ఒక దండు వచ్చి పడింది. ఈరవ్వ అనే కమ్మరి ఇంటి ఆడపడుచు, అప్పుడే చల్లార్చిన కత్తికి ఇంకా పిడి కూడా వేయకముందే, కొంగు చుట్టి పట్టుకుని కొలిమి ముందు నిలబడింది. మగవాళ్ళు తిరిగి వచ్చేదాకా దండును కొలిమి తాకనివ్వలేదు. వాళ్ళు వచ్చాక, నిలబడ్డ చోటనే ప్రాణం విడిచింది. ఆమె చేతిలోని కత్తే అమ్మవారైంది. ఏటా దసరా వెళ్ళాక అమ్మవారి కత్తిని కొలిమి ముందుకు తెచ్చి చూపిన తరువాతే ఆ ఏటి నిప్పు రాజేయాలని ఊరు కట్టుబాటు చేసుకుంది.

ఆ కాలంలో మా ఊరు రేగులకోట సంస్థానం కింద ఉండేది. దాని ప్రభువు మల్లభూపతికి ఆయుధాల పిచ్చి. పిచ్చి అని మేము అనడం లేదు, ఆయన రాణివారే అనేవారట. సింహపు తల పిడి ఉంటే సింహళానిదని, పాములా మెలికలు తిరిగితే మలయా దీవులదని, రెండు చేతులు పట్టేంత పొడుగు పిడి ఉంటే డచ్చివారి ఓడలో దిగిన జపాను కత్తి అని ఆయన దూరం నుంచే చెప్పేవాడు. పిడి మార్చి మోసం చేయబోయిన వర్తకుణ్ణి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అలుగు ఎక్కడిదో పిడి ఎక్కడిదో విడివిడిగా చెప్పి పంపేవాడు. ఆయన ఆయుధశాలలో అన్నిటికన్నా పై వరుస ఇరాన్ నుంచి వచ్చిన వంపు కత్తులది. వాటి దగ్గరకు వచ్చేసరికి ఆయన చెయ్యి మీసం మీదికి పోయేది.

ఒక దసరాకు మల్లభూపతి స్వయంగా గట్టెక్కి వచ్చి, అమ్మవారి కత్తిని ఆయుధపూజకు తన శాలలో ఒక్కసారి ఉంచి పంపిస్తానని అడిగాడు. పూజ కాగానే తెచ్చి అప్పగిస్తానని అమ్మ ముందే మాట ఇచ్చాడు. అమ్మకు రోజూ పూజ చేసే ముసలమ్మ లస్మవ్వ, ఊరి పెద్దలు ఆ మాట మీద కత్తిని పంపించారు.

ఆయుధాలు సేకరించేవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి అక్కడ జరిగింది. పాత కత్తిని అద్దంలా మెరిపిస్తే దానికి గౌరవం చేసినట్టని ఆ కాలంలో అనుకునేవారు. ఇప్పుడూ అనుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఈ పుస్తకం చివర ఒక మాట ఉంది. శాలలో కత్తులకు మెరుగు పెట్టే ఖాసిం సాహెబు ప్రభువు ఆజ్ఞ మీద, అమ్మకు లోటు రాకూడదని, ఇటుక పొడితో, నూనెతో అలుగు తోమి తళతళలాడించాడు. పసుపు దారం తీసి వెండి పిడి వేశాడు. అదే వరుసలోని వంపులేని కత్తులన్నిటికీ అదే మెరుగు, అదే పిడి. పూజ అయిన మరునాడు మల్లభూపతి అమ్మను తీసుకుపోవడానికి శాలలోకి వెళ్ళి, ఆ వరుస ముందు అలాగే నిలబడిపోయాడు. దేశదేశాల కత్తులను గుర్తుపట్టినవాడికి తన సీమ అమ్మవారు ఏదో తెలియలేదు.

దివాను ఏదో ఒకటి పంపితే సరిపోతుందని, పల్లెవాళ్ళకు ఏం తెలుస్తుందని సలహా ఇచ్చాడు. "నాకు తెలుస్తుంది కదా," అన్నాడు మల్లభూపతి. ఆయన లస్మవ్వను కోటకు పిలిపించి, దాచకుండా జరిగింది చెప్పాడు.

లస్మవ్వ ఒక్కొక్క కత్తి దగ్గరా ఆగింది. చివరి దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది. ఆమెకూ తెలియలేదు.

"పసుపు పూసిన, బొట్టు పెట్టిన, దండం పెట్టిన దొరా. పసుపు కింద మా అమ్మ మొకం ఎట్లుంటదో ఎన్నడు చూసిన?" అని కూలబడింది. అక్కడ ఊళ్ళో కొలిములు చల్లగా ఉన్నాయి. అమ్మ రాకుండా నిప్పు రాజేయరు. వర్తకుల బండ్లు వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఉక్కు లేకపోతే ఆ ఏడు ఊరికి తిండి లేదు.

ఎవరో కత్తికి కత్తి కొట్టి చూద్దామన్నారు, విరగనిది అమ్మ అవుతుందని. మల్లభూపతి ఆ వరుస మొత్తం పోయినా సరేనన్నాడు. తాను ప్రాణంగా పోగుచేసుకున్న వాటిలోంచి ఒక కత్తిని తీసి ఎత్తాడు కూడా. లస్మవ్వ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగు దొరా. గివి గూడ ఏదో ఒక ఊరోళ్ళు మొక్కినయే గదా. మా అమ్మ కోసం ఇంకొకళ్ళ అమ్మను ఇరగ్గొడ్తవా?"

ఆయన చెయ్యి దించాడు. ఆ మధ్యాహ్నం దిగులుతో శాల వసారాలో ఒరిగిన లస్మవ్వకు చిన్న కునుకు పట్టింది. ఆ కునుకులో నిండు గర్భిణి అయిన ఒక పిల్ల, కొంగు చేతికి చుట్టుకుని, చనువుగా వచ్చి పక్కన కూర్చుంది. "ఓ లస్మవ్వా, నూనె పూసి పూసి నోరంత జిడ్డు జేసిన్రే. ఇంత పుల్లగ ఏమన్న పెట్టరాదే," అని అడిగింది. లస్మవ్వ లేచి, కోట తోటలోకి వెళ్ళి, ఒడి నిండా నిమ్మకాయలు తెంపుకుని వచ్చింది.

ఖాసిం సాహెబు అడ్డం వచ్చాడు. "పులుపు తగిలితే ఇనుము చెడిపోతది అవ్వా. నా చేతులతోని మెరుగు పెట్టిన, నా కండ్ల ముందట పాడు చెయ్యకు," అని బతిమాలాడు. ఆయన బాధలో అబద్ధం లేదు. మల్లభూపతి మాత్రం పిండమన్నాడు.

మొదటి కత్తి మసకబారి ఊరుకుంది. రెండోదీ అంతే. వరుస అయిపోవచ్చింది. గోడ వైపు మూలన ఉన్న కత్తి మీద రసం పడి, గుడ్డ తిరిగి, కాసేపు ఏమీ కాలేదు. తరువాత ఒక్క గీత తేలింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే అలుగు పొడుగునా అలలు లేచాయి.

"అగో, మా అమ్మ," అంది లస్మవ్వ.

ఖాసిం సాహెబుకు ఇంకా అనుమానం. పులుపు మరకేమోనని మళ్ళీ ఇటుక పొడితో తోమాడు, అలలు పోయాయి. మళ్ళీ రసం పిండారు, అవే అలలు అదే చోట తిరిగి వచ్చాయి. అవి ఎవరో పైన గీసినవి కావని, ఉక్కు కడుపులోనే పుట్టినవని అప్పుడు ఆయనకు తెలిసింది. అమ్మవారిని కళ్ళకద్దుకుని వెనక్కి జరిగాడు.

మల్లభూపతికి ఏం తోచిందో, మిగిలిన నిమ్మకాయ ఒకటి తీసుకుని పై వరుస దగ్గరకు వెళ్ళాడు. తన ఇరాన్ కత్తుల్లో అన్నిటికన్నా ప్రియమైన దాన్ని దించి తానే రసం పిండాడు. దాని మీద కూడా అవే అలలు. పక్కదాని మీద, దాని పక్కదాని మీద కూడా.

"ఇది ఇరాన్‌లో చేసింది కదా అవ్వా," అన్నాడు.

"జేసింది ఆడ్నే కావచ్చు. ముద్ద మాదే దొరా. బండ్లు గట్టుకొని కొనుక్కపోతరు, తీస్కవోయి ఏం జేస్తరో మాకేం ఎర్క," అంది లస్మవ్వ.

ఆయన ఆ కత్తిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎడారులు దాటించి తెప్పించుకున్నానని ఇన్నాళ్ళూ మీసం తిప్పాను. నా గడప ముందు నుంచి వెళ్ళిన పిల్లనా ఇది," అన్నాడు. ఆయనకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. పై వరుస మొత్తం అమ్మవారికి సమర్పిస్తానన్నాడు.

లస్మవ్వ ఒప్పుకోలేదు. "పెండ్లి జేసి ఇచ్చిన పిల్లను మళ్ల దెచ్చి ఇంట్ల పెట్టుకుంటమా? నీ ఇంట్ల మంచిగనే ఉన్నయి, ఉండనియ్యి. ఏడాదికోసారి పుట్టింటికి తోలు. ఒడిబియ్యం పోసి పంపిస్తం."

మల్లభూపతి చెప్పులు విడిచి, అమ్మవారిని రెండు చేతుల మీద మోసుకుని గట్టెక్కాడు. వెండి పిడి తీసి పసుపు దారం ఖాసిం సాహెబే చుట్టాడు. ఆ రోజే కొలిములు రాజుకున్నాయి.

సంస్థానాలు పోయాయి. రేగులకోట శాలలోని కత్తులు ఎవరెవరి ఇళ్ళకో, ఏయే దేశాలకో చేరాయి. ఆచారం మాత్రం పోలేదు. దసరా తరువాతి పౌర్ణమి నాడు ఇక్కడ జరిగే ఆడపడుచుల వేడుకకు ఎక్కడెక్కడివారో తమ ఇళ్ళలోని పాత ఆయుధాలను తెస్తారు. మా పెద్దలు పిడి, వంపు, వెన్ను, అలుగు చూసి అది ఏ సీమదో చెబుతారు, తెలియకపోతే తెలియదనే చెబుతారు. తరువాత నిమ్మరసంతో తుడుస్తారు. అలలు లేచిన కత్తి మా ఆడపడుచు. దాని ఒరకు రవికగుడ్డ చుట్టి, పసుపు బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలతో ఒడిబియ్యం పోస్తారు. అలలు లేవని కత్తికి చుట్టపు మర్యాద చేస్తారు, కుంకుమ పెట్టి పంపుతారు. కడిగి, తడి లేకుండా తుడిచి, నువ్వుల నూనె పల్చగా రాసి ఎవరిది వారికి ఇచ్చేస్తారు. అమ్మవారికి కత్తులు కానుకగా ఇవ్వరాదు, తీసుకోబడవు.

మొన్నటి వేడుకకు ఆదిలాబాదు నుంచి వచ్చిన ఒక పంతులమ్మ తెచ్చిన కత్తితో వాళ్ళ ఇంట్లో అంతకు ముందు దాకా కొబ్బరికాయలు కొట్టేవారట. అలలు లేవగానే ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆమెకు కూడా ఒడిబియ్యం పోశాం.

భక్తులకు మనవి. పోలీసువారికి ముందుగా తెలిపి, ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి తేవలెను. బజారులో ఆమ్లంతో గీతలు వేయించిన కొత్త కత్తులు తేవద్దు. ఒకసారి తోమితే ఆ గీతలు పోతాయి, మళ్ళీ రావు, పరువు కూడా అంతే. మెరుగు పౌడరుతో తోమి తళతళలాడించి తెచ్చేవారిని మా పెద్దలు తిట్టగలరు, అది ప్రసాదమనుకుని స్వీకరించగలరు. ఆ తిట్లు తిని, అమ్మ అలలు చూసినవారి ఇళ్ళలో మరిచిపోయిన మంచితనం పైకి తేలుతుందని, దూరమైన ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారని పెద్దలు చెబుతారు.

ఇప్పుడు మా ఊళ్ళో ఉక్కు తీసేవారు లేరు. కార్ఖానాల ఇనుము వచ్చాక మూసలు మూలబడ్డాయి. మూస నింపే పాళ్ళు తెలిసిన చివరి చేతులు కూడా పోయాయి. అయినా వేడుక నాడు తెల్లవారకముందే గట్టు కింద ఒక కొలిమిని ఊడ్చి, అలికి, బొగ్గు పోసి నిప్పు రాజేస్తాం. వంతులవారీగా తిత్తులు ఊదుతూ ఆఖరి కత్తి గట్టు దిగి వెళ్ళేదాకా మంట తగ్గనివ్వం. ఆ కొలిమిలో ఏమీ కరగదు. అంత బొగ్గు ఎందుకు దండగ అని అడిగినవారికి మా ఊరి ఆడవాళ్ళు చెప్పే జవాబు ఒకటే. పుట్టింట్లో పొయ్యి ఆరిపోయిందని ఆడపడుచుకు తెలియనిస్తామా?