చుక్కమ్మ పంపిన పిలుపు

అనగనగా ఒక అడవి. కొండ మీదికి టవరు వచ్చాక ఆ అడవిలో అందరికీ ఫోన్లు వచ్చాయి. పలకరింపులూ, ఫోటోలూ, కబుర్లూ అన్నీ అందులోనే.

అక్కడ ఎండుగడ్డిలో చుక్కమ్మ అనే పూరేడు పిట్ట, తన మొగుడు గురవయ్యతో కాపురం ఉండేది. పూరేడు పిట్టలు చెట్టు మీద గూడు కట్టవు. నేల మీదే గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు అచ్చం గడ్డి రంగులో ఉంటాయి. కదలకుండా కూర్చుంటే పక్కనే నిలబడినా కనిపించవు. అమ్మ వచ్చి "టుర్ టుర్ టీ" అని పిలిస్తేనే బయటికి వస్తాయి.

చుక్కమ్మకు ఐదుగురు పిల్లలు పుట్టారు. ఆమె మురిసిపోయి వాళ్ల ఫోటో తీసి, అందరూ చూసేలా ఫోనులో పెట్టింది.

పక్క బొరియలో ఉండే ముళ్లపంది సూరమ్మ అది చూసింది.

"పిల్లల ఫోటో అయినవాళ్లకు పంపుకోవే. అడవి మొత్తానికి ఎందుకు?" అంది.

"అందరూ మనవాళ్లే కదా పిన్నీ," అంది చుక్కమ్మ.

సాయంత్రం సువర్ణ అనే పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. పేరు పక్కన రామచిలుక బొమ్మ ఉంది.

"పిల్లలు ముద్దొస్తున్నారు వదినా. వెనకాల ఎర్రగా ఉన్నవి మోదుగ పూలేనా?"

"అవును వదినా. వాగు మలుపులో ఉన్న మోదుగ కిందే మా ఇల్లు," అని రాసింది చుక్కమ్మ.

మర్నాడు మళ్లీ మెసేజ్. "పసివాళ్లను వదిలి మేతకెలా వెళ్తున్నావు వదినా?"

"మంచు ఆరగానే ఇద్దరం వెళ్లొస్తాం. వాళ్లు బుద్ధిగా కూర్చుంటారు."

ఆ తర్వాత సువర్ణ ఇంకోటి అడిగింది. "నువ్వు పిలిస్తే పరుగెత్తుకొస్తారట కదా. ఆ పిలుపు ఒకసారి వినిపించవూ?"

పిల్లల గురించి అంత ప్రేమగా అడిగితే కాదనడం ఎలా? చుక్కమ్మ తన పిలుపు రికార్డు చేసి పంపింది.

సువర్ణ చిలుక కాదు. అది అడవిపిల్లి.

తెల్లవారి మంచు ఆరగానే అడవిపిల్లి మోదుగ కిందికి వచ్చింది. ఎంత వెతికినా గడ్డిలో పిల్లలు కనిపించలేదు. అప్పుడది ఫోను తీసి చుక్కమ్మ పిలుపు వినిపించింది.

ఆ సమయానికి చుక్కమ్మా గురవయ్యా కాస్త దూరంలో గింజలు ఏరుకుంటున్నారు. సూరమ్మ అటుగా వస్తూ ఆగిపోయింది.

"చుక్కమ్మా, నువ్విక్కడుంటే అక్కడ పిలుస్తున్నదెవరే?"

ముగ్గురూ పరుగెత్తారు. సూరమ్మ ముళ్లు నిక్కించి మీదికి దూకేసరికి అడవిపిల్లి పారిపోయింది. కానీ గడ్డిలో నలుగురు పిల్లలే మిగిలారు.

చుక్కమ్మ చాలాసేపు ఏడ్చింది. సూరమ్మ పక్కనే కూర్చుంది.

"ఆ చిలుకను ఎప్పుడైనా కళ్లారా చూశావా?" అని అడిగింది.

"లేదు పిన్నీ. బొమ్మే చూశాను."

చుక్కమ్మ తను పెట్టిన ఫోటోలన్నీ తీసేసింది. అడవిపిల్లి ఫోనులో ఉన్న పిలుపును మాత్రం తీసేయలేకపోయింది. అందుకని పిల్లలను తీసుకుని వాగు దాటి వేరే గడ్డిలోకి మారింది. వాళ్లకు కొత్త పిలుపు నేర్పింది. పాతది మరిచి కొత్తది పట్టుకోవడానికి పసివాళ్లకు కష్టమే అయింది.

"కొత్త ఇల్లు ఎక్కడ?" అని పాత ఇంటి దగ్గర ఉండే గోరువంక ఫోనులో అడిగితే, "కలిసినప్పుడు చెప్తాను అక్కా," అని మాత్రం రాసింది.

ఒక పొద్దున వాగు అవతలి నుంచి పాత పిలుపు వినిపించింది. "టుర్ టుర్ టీ."

చిన్నపిల్ల తల ఎత్తింది. "అమ్మా, అది నీ గొంతే కదా?"

"గొంతు నాదే తల్లీ. పిలుస్తున్నది నేను కాదు. కదలకండి," అంది చుక్కమ్మ.

నలుగురూ గడ్డిలో ఒదిగిపోయారు. పిలుపు మళ్లీ మళ్లీ వినిపించి, చివరికి ఆగిపోయింది.

నీతి: ఫోనులో ఒకసారి బయటపెట్టిన ఇంటి గుట్టు మళ్లీ మన చేతికి రాదు. ఎవరో ఏమిటో తెలియనివాళ్లు ఎంత తీయగా అడిగినా చెప్పకూడదు.